బ్రేకు పెడలు కింద పడవ నూనె

నా కొంగు చివర నాలుగు రోజులుగా ఒక వాసన వదలడం లేదు. కొబ్బరినూనె, తుప్పు, కాళ్ళ మట్టి కలిసిన వాసన. సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికాను, ఎండలో ఆరేశాను, అయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే అక్కడే ఉంది. అదెలా అంటుకుందో చివర్లో చెబుతాను. ముందు అది నన్ను ఎక్కడికి లాక్కుపోయిందో చెప్పాలి. తిన్నగా కొవ్వూరు గోదారి గట్టు కింద మా పేటకి, ఇసకలో బోర్లించిన పడవల మధ్యకి, మా నాన్న తోలిన వ్యాను తలుపు దగ్గరకి తీసుకుపోయింది.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. బస్సు మీద ఊరి పేరు చదవలేక ఒకసారి వేరే ఊళ్ళో దిగి ఏడ్చాను. ఆ సిగ్గుతో పలక పట్టాను. కాబట్టి నా రాతలో అందాలు వెతక్కండి. జరిగింది జరిగినట్టు రాయడమే నాకు తెలుసు.

ఎండాకాలం వచ్చిందంటే గోదారి సన్నబడి మధ్యలో ఇసక తిన్నెలు తేలేవి, లంకల్లో పుచ్చకాయలు పండేవి, మా పేటలో పడవలన్నీ గట్టెక్కి నిద్రపోతున్న గేదెల్లా బోర్లా పడుకునేవి. మగవాళ్ళు చెక్కల సందుల్లో పాత నార తీసి కొత్త నార కుక్కుతుంటే, ఆడవాళ్ళు వలలు పరిచి చిరుగులు అల్లుతుంటే, మేం పిల్లలం ఆ పడవల కిందకి దూరి తాటిముంజెలు తినేవాళ్ళం, ముంజె తిన్న తాటికాయలకి పుల్ల గుచ్చి బండి చేసి ఇసకలో దొర్లించేవాళ్ళం. సాయంత్రమయ్యేసరికి ప్రతి పొయ్యి మీదా మామిడికాయ వేసిన ఎండురొయ్యల కూర ఉడికేది. ఆ కూర వాసన, ఆరేసిన వలల నీచు వాసన, వీటన్నిటినీ మింగేస్తూ పడవ నూనె వాసన.

పడవ నూనె మా తాత కాచేవాడు. పేటలో ఇంకెవరు కాచినా అంత చిక్కగా రాదనేవారు. మా తాత పేరు పోలయ్య. కర్ర ముక్క చూసి అది నీళ్ళలో ఎన్నేళ్ళు బతుకుతుందో చెప్పే మనిషి. చేపనూనె మట్టికుండలో పోసి, గుగ్గిలం దంచి అందులో వేసి, కొబ్బరి డొక్కల మంట మీద సన్నగా కాచి, కర్రతో తిప్పుతూ తీగ సాగేదాకా చూసి దించేవాడు. అది పడవకి పూస్తే మొదట పల్చగా జారి సందుల్లోకి దిగేది. గాలి తగిలి, ఎండ తగిలి, ఒకటి రెండు రోజుల్లో బిగుసుకుని చెక్కనీ చెక్కనీ కరిచి పట్టుకునేది. నీటిబొట్టు లోపలికి రాదు. మా తాత ప్రాణమంతా ఆ నూనెలోనే ఉండేది. దీపానికీ అదే, తలుపు కీళ్ళకీ అదే, మా అమ్మ మడమ పగుళ్ళకీ అదే పూయమనేవాడు. మిగిలిన నూనె కొబ్బరి చిప్పలో పోసి చూరుకి వేలాడదీసేవాడు, అందులో ఒక కోడి ఈక.

మా నాన్న నూకరాజు పడవ మనిషే, కానీ ఒక వానాకాలం వల లాగుతుంటే కుడి భుజం జారిపోయింది. ఎముకలు సర్దేవాడు సర్దాడు గాని ఆ చెయ్యి మళ్ళీ తల మీదకి లేవలేదు. వల విసరలేనివాడికి మా పేటలో పనేముంటుంది? రెండేళ్ళు లారీ మీద క్లీనరుగా తిరిగి, డ్రైవింగు నేర్చుకుని, చేపల షావుకారు గారి వ్యాను ఎక్కాడు. కొవ్వూరులో చేప ఎత్తి, వంతెన దాటి, రాజమండ్రి మీదుగా సామర్లకోట స్టేషన్లో రైలుకి అందించాలి. రైలు ఆగదు కాబట్టి వ్యాను ఆగకూడదు. మా తాతకి ఆ వ్యాను అంటే గిట్టేది కాదు. "గోదారి ఒడ్డున పుట్టి దుమ్ములో ఈదుతున్నాడు" అనేవాడు, నాన్నకి వినబడేలాగే.

నాకు మాత్రం ఆ వ్యాను పండగ. ఐసు గడ్డల మీద కప్పిన రంపపు పొట్టు దులిపి, పగిలిన ముక్కలు ఏరుకుని, పేటలో పిల్లలందరికీ పంచేదాన్ని. ఉప్పూ నీచూ కలిసిన ఆ ఐసు ముక్క చప్పరిస్తే పళ్ళు జివ్వుమనేవి. వ్యాను తాళం నా మొలతాడుకి కట్టుకుని తిరిగితే నాకంటే గొప్పవాళ్ళు లేరనిపించేది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళుంటాయి.

ఆ ఎండాకాలమే బ్రేకు పెడలు టిక్కుమనడం మొదలుపెట్టింది. తొక్కితే ఒక టిక్కు, వదిలితే ఒక టిక్కు. బల్లి కూసినట్టుండేది. పైకి వచ్చేటప్పుడు పెడలు కాస్త ఆగి ఆగి వచ్చేది, బద్ధకంగా. నాన్న నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అయిదో రోజు షావుకారు గారు ముందు సీట్లో కూర్చుని చేపల రేవు దాకా వచ్చాడు. దిగుతూ ఒకటే మాటన్నాడు.

"ఏంటి నూకరాజూ ఆ చప్పుడు? ఎల్లుండి లోడుకి ఆ బల్లి కూత వినపడిందంటే తాళాలు బల్ల మీద పెట్టేసి వెళ్ళు. తోలేవాళ్ళకి కరువా?"

"ఆయ్, అలాగేనండి. రేపే చూసేస్తానండి" అన్నాడు నాన్న.

షెడ్డులో పెడితే వారం దాకా రాదు. వారం వ్యాను లేకపోతే షావుకారు వేరేవాణ్ణి చూసుకుంటాడు. అందుకని మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందే పని పెట్టాడు. ఆ పని నాకింకా కళ్ళకి కట్టినట్టుంది, ఎందుకంటే అందులో సగం నా చేతులతోనే జరిగింది. ఆ వ్యానులో పెడలు నేల రేకులో కోసిన కంతలోంచి పైకి వచ్చేది, దాని కీలు కిందుండేది. నాన్న నేల మీద వెల్లకిలా పడుకుని కిందకి దూరాడు. నేను పైన కూర్చుని రెండు చేతులతో పెడలు నొక్కాలి.

"నొక్కవే. ఊఁ, వదులు. మళ్ళీ నొక్కు."

ఇంజను ఆపే ఉంది, అయినా టిక్కుమంది. "ఇంజనుది కాదు" అన్నాడు. స్క్రూడ్రైవరు కర్రపిడి చెవికి ఆనించుకుని, కొన ఒక్కొక్క ఇనప ముక్క మీదా పెట్టి, డాక్టరు గుండె విన్నట్టు విన్నాడు. పెడల్ని పైకి లాగే స్ప్రింగు ఊడదీశాడు. అయినా టిక్కుమంది, కాబట్టి స్ప్రింగు కాదు. పెడల్ని పక్కకి ఊపమన్నాడు. పెసరగింజంత కదిలింది. "దొరికింది దొంగ" అన్నాడు. కీలులో ఉండే ఇనప పిన్ను బయటికి కొట్టి తీస్తే దాని నిండా ఎర్రగా తుప్పు, తుప్పు మీద తెల్లగా ఉప్పు. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు చేపల బుట్టల కింద నుంచి కారి, నేల కంతలోంచి చుక్కచుక్కగా దాని మీదే పడ్డాయన్నమాట. లాంతర్లోంచి కిరసనాయిలు ఒంపి, పాత చీర ముక్క ముంచి, పిన్నుని తోమి, గరుకు కాగితంతో రుద్ది, అద్దంలా చేసి మళ్ళీ బిగించాడు. టిక్కు సగానికి తగ్గింది గాని పోలేదు.

"గ్రీజు పెడితే నోరు మూసుకుంటది" అని, షెడ్డు మేస్త్రీ దగ్గర ఇంత అడిగి తెస్తానని, చేతులు తుడుచుకుంటూ బజారుకి వెళ్ళాడు. మేస్త్రీ భోజనానికి వెళ్ళాడట. నాన్న అక్కడే కూర్చుండిపోయాడు.

ఆ సందులోనే తాత లేచాడు.

పొద్దుట్నుంచి బోర్లించిన పడవ మీద కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాడు. సాయం చెయ్యమని నాన్న ఒక్కమాట అడగలేదు. చూరులో చిప్ప తీసుకుని, మోకాలి మీద ఒక చెయ్యి వేసుకుని, వ్యాను దగ్గరకి వచ్చి తల వంచి చూశాడు.

"ఏం కావాల్రా దీనికి? దాహమేస్తోంది, అంతే కదా" అన్నాడు వ్యానుతో. నాతో, "నొక్కవే బుజ్జమ్మా" అన్నాడు.

నేను నొక్కాను. ఈక చిప్పలో ముంచి, నేల కంతలోంచి కిందకి దించి ఆ కీలు మీద పూశాడు. నొక్కినప్పుడల్లా నూనె లోపలికి గుటకలు వేసినట్టు దిగిపోయింది. పదిసార్లు నొక్కేసరికి టిక్కు మాయమైంది. పెడలు వెన్నపూసలా కదిలింది. తాత మొహం చూడాలి! రెండేళ్ళుగా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు నేను.

"మీ అయ్యకి చెప్పకే. చెప్తే తుడిచేస్తాడు" అన్నాడు. నేను తలూపాను.

నాన్న పొద్దువాలుతుండగా ఆకులో గ్రీజు తెచ్చాడు. పెడలు తొక్కి చూశాడు. నిశ్శబ్దం. మళ్ళీ తొక్కాడు. "కిరసనాయిలుకే లొంగిపోయిందే!" అని అమ్మతో చెప్పి, పైన గ్రీజు కాస్త మెత్తి, నవ్వాడు. వాసన రాలేదా అని మీరడగొచ్చు. మా ఇంట్లో గుమ్మానికీ, కుండకీ, మా అమ్మ మడమలకీ కూడా అదే వాసనండి. ఏ వాసనలో ఏ వాసన పట్టుకుంటాడు? నేను చెబుదామని నోరు తెరిచాను. తాత పడవ మీద నుంచి దగ్గాడు. నేను నోరు మూసుకున్నాను.

మర్నాటి లోడు బాగానే వెళ్ళింది. షావుకారు పక్కన కూర్చుని, చప్పుడేమీ లేదని తలూపాడట. నాన్న ఆ సాయంత్రం నాకు జీళ్ళు తెచ్చాడు. ఆ తర్వాతి రోజు పడవ నూనె తన పని తను చేసింది. చెక్కల్ని కరిచి పట్టుకోవడానికి కాచిన నూనె ఇనుముని మాత్రం ఎందుకు వదుల్తుంది? పైన ఎండ, కింద ఇంజను వేడి. రాజమండ్రి దాటాక పెడలు తొక్కితే కిందే ఉండిపోవడం మొదలెట్టింది. నాన్న చెప్పులేసుకోకుండా తోలేవాడు. బొటనవేలు పెడలు కింద దూర్చి, తొక్కిన ప్రతిసారీ పైకి లేపుకుంటూ వెళ్ళాడు. బ్రేకు పూర్తిగా వదలకపోవడంతో చక్రాలు కాలి పొగ లేచింది. కాలవ గట్టు మీద బండి ఆపి, చక్రాల మీద నీళ్ళు పోసి, చల్లారాక తోలి, మళ్ళీ ఆపి, మళ్ళీ పోసి... ఐసంతా కరిగి రోడ్డు మీదకి పారింది. సామర్లకోట చేరేసరికి రైలు లేదు. చేప పాడైపోయింది.

బండి మా గుమ్మం ముందుకి వచ్చినప్పుడు నేను తాటికాయల బండితో ఆడుతున్నాను. నాన్న దిగాడు. కుడి కాలి బొటనవేలు కమిలి నల్లగా అయిపోయింది. తిన్నగా బండి కిందకి దూరి పిన్ను కొట్టి తీశాడు. బయటికొచ్చి కూర్చున్నాడు. పిన్ను మీద బెల్లంపాకంలా నల్లటి జిగురు. చేతి గోరుతో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తలెత్తి చూరు కింద వేలాడుతున్న చిప్పని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను నేల చూశాను. ఆ గోరు లుంగీకి తుడుచుకున్నాడు.

తాత మెల్లగా దగ్గరకి వచ్చాడు. "ఏంట్రా నూకా, ఏమైంది?"

"రాయి నాన్నా" అన్నాడు మా నాన్న. "కీలు సందులో చిన్న రాయి ఇరుక్కుంది."

తాత కాసేపు గోదారి వైపు చూశాడు. "రాయైతే ఎవడేం చేస్తాడ్రా" అన్నాడు.

చీకటి పడకముందే షావుకారు మనిషి వచ్చాడు. బండి రాగానే అలవాటుగా తాళం తీసి నా మొలతాడుకి కట్టుకున్నాను. ముడి పడిపోయి ఊడిరాలేదు. అమ్మ కత్తిపీటకి ఆనించి మొలతాడే కోసేసింది.

మేం గోదారి వదిలేశాం. మా అమ్మ తరపువాళ్ళు చూపిస్తే కడియంలో నర్సరీ పనికి వచ్చాం. అప్పుడు కడియం ఇన్ని ఎకరాలు లేదు గాని మొక్కలున్నాయి, నీళ్ళు పోసే పని ఉంది. నాన్న ఎడమ చేత్తో నీళ్ళ డబ్బా పట్టుకుని గులాబీ అంట్లకి పోసేవాడు. తాతా మాతోనే వచ్చాడు. పడవ లేదు, రేవు లేదు, నూనె కాచమనేవాళ్ళు లేరు. మొక్కల మడుల మధ్య కాలువలో ఆకు వేసి అది పోతుంటే చూస్తూ కూర్చునేవాడు. అప్పుడప్పుడు అన్నం తింటూ తింటూ ఆగి అడిగేవాడు.

"ఒరే నూకా, ఆ రాయి ఏ మాత్రం ఉందిరా?"

నాన్న చూపుడువేలి కొసన బొటనవేలు పెట్టి చూపించేవాడు. "ఇంత. శనగగింజంత."

తాత తలూపి మళ్ళీ తినేవాడు. నెలకో రెండు నెలలకో మళ్ళీ అదే అడిగేవాడు. నాన్న ఎప్పుడూ అంతే చూపించేవాడు. ఒకనాడు కాస్త పెద్దది, ఒకనాడు కాస్త చిన్నది, అలా ఎప్పుడూ కాలేదు. నాకు ఒళ్ళు మండేది. లేచి అరవాలనిపించేది: రాయి లేదు తాతా, నువ్వు పూశావు, నేను నొక్కాను! అరవలేదు. తాతకి తెలియదనే అనుకున్నాను. ఆ మొహం మీద వెలుగు అలాగే ఉండనివ్వాలని నాన్న అనుకున్నాడనీ, నేను దాన్ని చెడగొట్టకూడదనీ అనుకున్నాను. తాత పోయాడు. చాలా ఏళ్ళకి నాన్నా పోయాడు. నాన్నతో కూడా ఆ మాట ఎత్తలేదు. ఆయనకి నేను నొక్కానని తెలుసో లేదో నాకు తెలియదు. ఇక తెలిసే దారి లేదు.

ఇప్పుడు కొంగు సంగతి.

మా అమ్మాయి కూతురు దేవి ఈ కడియంలోనే మొక్కల వ్యాపారం చేస్తోంది. చిన్న వ్యాను కొనుక్కుని తనే తోలుకుంటుంది. మొన్న శనివారం ఆ వ్యాను బ్రేకు పెడలు టిక్కుమంది. నేను అరుగు మీద నుంచే విన్నాను. ఇన్నేళ్ళ తర్వాత అదే బల్లి.

"కీలు దగ్గర పిన్ను ఉంటుంది, తీసి కిరసనాయిలుతో తోమి గ్రీజు పెట్టవే" అన్నాను.

"కిరసనాయిలా? ఎక్కడ దొరుకుద్ది అమ్మమ్మా ఇప్పుడు? దొరికినా దీనికి అంతా ప్లాస్టిక్కు తొడుగులు. మెకానిక్కు సోమవారం వస్తానన్నాడు" అని నవ్వి స్నానానికి వెళ్ళింది. ఆదివారం దానికి లోడుంది.

నాకు తెలుసు. కీలుకి ఏ నూనె పడితే ఆ నూనె పెట్టకూడదని ఈ భూమ్మీద నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అయినా ఖాళీ చేతులతో కూర్చోలేకపోయాను. మోకాళ్ళు వంగవు. సీటు మీద పక్కకి వాలి, కొంగు చివర కొబ్బరినూనెలో ముంచి, చెయ్యి అందినంత మేర ఆ కీలుకి అద్దాను. రెండుసార్లు నొక్కాను. టిక్కు పోయింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆ సంబరంలో నాకు తాత గుర్తుకు రాలేదు.

అసలే పుష్యమాసం. తెల్లారేసరికి చలికి నూనె పేరుకుని, లోపలి దుమ్ముతో కలిసి బంకలా అయింది. దేవి బండి కదపబోయే ముందు రోజూ పెడలు తొక్కి చూసుకుంటుంది, అదృష్టం. పెడలు బద్ధకంగా పైకి వచ్చింది. ఫోను లైటు వేసుకుని కిందకి వంగింది. కాగితం పెట్టి తుడిచింది. ఆ కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంది. తలెత్తి అరుగు మీద కొబ్బరినూనె సీసా చూసింది. నేను నేల చూశాను.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదు అమ్మమ్మా. ఏదో చిన్న రాయి ఇరుక్కుంది."

దానికి ఈ కథ నేనెప్పుడూ చెప్పలేదు. మా తాత పేరు కూడా దానికి సరిగ్గా తెలియదు. ఎవరికో ఫోను చేసి వేరే బండిలో లోడు పంపించింది. మెకానిక్కు వచ్చి డబ్బాలోంచి ఏదో పిచికారీ కొట్టి పది నిమిషాల్లో పోయాడు. ఏం కొట్టాడో నాకు తెలియదు, దానికి వాసన కూడా లేదు.

కొవ్వూరు ఈమధ్య వెళ్ళాను. రేవులో ఉన్న నాలుగు పడవలూ ఫైబరువే. వాటికి నార అక్కర్లేదు, గుగ్గిలం అక్కర్లేదు. ఎండాకాలం బోర్లించాల్సిన పనీ లేదు. పేటలో గాలి ఉత్త గాలిలా ఉంది.

నిన్న మధ్యాహ్నం దేవి అన్నం తింటూ ఫోను చూసుకుంటోంది. నేను మజ్జిగ పోస్తూ ఉండబట్టలేక అడిగాను.

"ఆ రాయి ఏ మాత్రం ఉందే?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని నాకు అర్థం కాలేదు, మా తాత అన్నేళ్ళు ఏం తెలిసి అడిగాడో. మజ్జిగ గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. దేవి ఫోనులోంచి తలెత్తలేదు. చూపుడువేలి కొసన బొటనవేలు పెట్టి చూపించింది.

"ఇంత."